పాత కోడ్‌తో పని: వై2కె తరం ప్రోగ్రామర్ల అనుభవాలు

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు రెండంకెల సంవత్సరం వల్ల తలెత్తిన సమస్య ఏమిటో ఉదాహరణలతో వివరించగలుగుతారు. దాన్ని సరిదిద్దిన ప్రోగ్రామర్లు రోజువారీగా ఏ పని చేశారో, ఆ పని ముగిశాక వారి ఉద్యోగ జీవితాలు ఎందుకు వేరువేరు దారులు పట్టాయో చర్చించగలుగుతారు. పాత కోడ్‌ను ముట్టుకొనే ముందు అడగవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

6.1 ప్రస్తావన

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనగానే ఖాళీ తెర ముందు కూర్చుని కొత్త ప్రోగ్రాం రాస్తున్న మనిషి మనకు గుర్తుకువస్తాడు. ఆ ఉద్యోగంలో చేరినవారిని అడిగి చూడండి. మొదటి ఏడాదిలో రాసిన కోడ్ కంటే చదివిన కోడ్ ఎన్నో రెట్లు ఎక్కువని చెబుతారు. ఎవరో రాశారు, మరెవరో మార్చారు, ఇద్దరూ సంస్థ వదిలి వెళ్లిపోయారు. ఆ కోడ్ మాత్రం రోజూ నడుస్తూనే ఉంది. అది ఆగితే జీతాలు ఆగిపోతాయి, బిల్లులు ఆగిపోతాయి. దాన్ని ఆపకుండా మార్చడమే పని.

ఈ పనిని నిర్వహణ అంటారు. పాఠ్యపుస్తకాలలో దీనికి సాధారణంగా చివరి అధ్యాయం దక్కుతుంది. ఉద్యోగంలో మాత్రం మొదటి రోజు నుంచే ఎదురవుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి 1990ల చివరి సంవత్సరాలు మంచి ఉదాహరణ. అప్పుడు ప్రపంచమంతటా లక్షల మంది ఒకేసారి పాత కోడ్ చదవవలసి వచ్చింది. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. మీ ఊళ్లో, మీ బంధువుల్లో ఆ కాలంలో అమెరికా వెళ్లినవారు ఎవరైనా ఉంటే ఈ కథలో కొంత భాగం మీరు ఇప్పటికే విని ఉంటారు.

6.2 రెండంకెలు ఎందుకు?

బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు 1960లలో తమ లెక్కలను మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లకు ఎక్కించాయి. వాటిలో ఎక్కువ ప్రోగ్రాంలు కోబాల్ భాషలో ఉండేవి. తేదీని ఆరంకెల్లో, అంటే సంవత్సరానికి రెండు, నెలకు రెండు, రోజుకు రెండు అంకెల్లో దాచేవారు. 1965 అంటే 65.

దీన్ని నిర్లక్ష్యం అనడం తేలిక. కానీ ఒక చిన్న లెక్క వేయండి. ఒక బీమా సంస్థకు 10 లక్షల పాలసీలు ఉన్నాయనుకుందాం. ఒక్కో పాలసీలో మూడు తేదీలు. ప్రతి తేదీలో రెండంకెలు మిగిలితే మొత్తం 60 లక్షల బైట్లు మిగులుతాయి. 1964లో ఐబీఎం విడుదల చేసిన 2311 డిస్క్‌లో ఒక పాక్‌కు పట్టేది దాదాపు 72 లక్షల బైట్లు. అంటే ఆ రెండంకెలు తీసేయడం వల్ల ఇంచుమించు ఒక డిస్క్ పాక్ మొత్తం ఆదా అయ్యేది. ఆనాటి ప్రోగ్రామరు తన కాలానికి సరైన నిర్ణయమే తీసుకొన్నాడు. తన ప్రోగ్రాం 30 ఏళ్ల తరవాత కూడా నడుస్తుందని అతను ఊహించలేదు. ఈ విషయమై బాబ్ బీమర్ అనే అమెరికన్ కంప్యూటర్ నిపుణుడు 1970లలోనే రాసి హెచ్చరించాడు. పట్టించుకొన్నవారు తక్కువ.

ఇప్పుడు 2000 సంవత్సరం వచ్చిందనుకోండి. 1938లో పుట్టిన వ్యక్తి వయసు లెక్కించాలి. కంప్యూటరు 00 నుంచి 38 తీసివేస్తుంది. జవాబు మైనస్ 38. చాలా కోబాల్ ప్రోగ్రాంలలో వయసు గడికి గుర్తు ఉండేది కాదు కాబట్టి ఆ మైనస్ రాలిపోయి 38 మిగులుతుంది. 62 ఏళ్ల మనిషి 38 ఏళ్లవాడవుతాడు. ప్రోగ్రాం ఆగదు, తప్పు సందేశం ఇవ్వదు. పింఛనుకు అర్హత లేదని మర్యాదగా ఉత్తరం ముద్రిస్తుంది. పూర్తిగా ఆగిపోయే ప్రోగ్రాం కంటే నమ్మకంగా తప్పు జవాబు చెప్పే ప్రోగ్రాం ప్రమాదకరమని ఈ తరం వాళ్లు నేర్చుకొన్నది ఇటువంటి చోట్లనే.

వరసక్రమంలోనూ ఇదే చిక్కు. 991231 కంటే 000101 చిన్న సంఖ్య. కొత్త రికార్డు అన్నిటికంటే పాతదిగా కనిపిస్తుంది. పాతవాటిని చెరిపేసే ప్రోగ్రాం ఏదైనా ఉంటే ముందుగా దాన్నే చెరిపేస్తుంది. పైగా కొందరు ప్రోగ్రామర్లు సంవత్సరం గడిలో 99 అని పెట్టి దానికి 'గడువు లేదు' అనో 'రికార్డులు అయిపోయాయి' అనో అర్థం ఇచ్చుకొన్నారు. 1999 రాగానే నిజమైన 99కీ, ఈ గుర్తుకీ తేడా తెలియలేదు.

లీపు సంవత్సరం మరొకటి. 100తో భాగించబడే సంవత్సరాలు లీపు సంవత్సరాలు కావు, కానీ 400తో భాగించబడేవి అవుతాయి. 2000 లీపు సంవత్సరమే. నాలుగుతో భాగిస్తే చాలనుకొన్నవారి ప్రోగ్రాం సరిగానే పనిచేసింది. నూరు నియమం తెలిసి నాలుగు వందల నియమం తెలియనివారి ప్రోగ్రాం తప్పింది. సగం తెలిసినవారికే నష్టం జరిగింది!

మీ ప్రగతిని సరిచూసుకోండి
1998లో చేసిన డిపాజిట్‌కు 2000లో వడ్డీ లెక్కించే ప్రోగ్రాంలో సంవత్సరాలు రెండంకెల్లో ఉన్నాయి, ఫలితం గడికి గుర్తు లేదు. ఎన్ని సంవత్సరాలకు వడ్డీ పడుతుంది?

6.3 దినచర్య ఎలా ఉండేది?

వై2కె ప్రాజెక్టులో చేరిన ప్రోగ్రామరుకు మొదట ఇచ్చేది జాబితా పని. సంస్థలో ఎన్ని ప్రోగ్రాంలు ఉన్నాయి, ఏవి నడుస్తున్నాయి, ఏ ఫైలును ఏది చదువుతుంది? చాలా సంస్థలకు ఈ ప్రశ్నలకు జవాబు తెలియదు. కొన్ని ప్రోగ్రాంలకు నడిచే రూపం మాత్రమే మిగిలింది, రాసిన మూల కోడ్ ఎక్కడో పోయింది. పత్రాలు ఉన్నా అవి పదేళ్ల కిందటివి. ఈ దశలో నెలలు గడిచిపోయేవి.

తరవాత తేదీలను వెతకడం. గడి పేరులో తేదీ అనో సంవత్సరం అనో సూచన ఉంటే యంత్రంతోనే వెతకవచ్చు. కానీ పాత ప్రోగ్రామర్లలో కొందరు తాత్కాలిక గడులకు అక్షరం, అంకె కలిపి ఏదో ఒక పేరు పెట్టేవారు. మరికొందరు తమ పెంపుడు కుక్క పేరు పెట్టినా ఆశ్చర్యం లేదు. అటువంటి చోట కోడ్‌ను వరుస వెంట వరుస చదివి, ఈ విలువ ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోతోంది అని వెంబడించడం తప్ప దారి లేదు.

సరిదిద్దే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది, గడిని నాలుగంకెలకు పెంచడం. ఇది పూర్తి పరిష్కారం. కానీ ఆ ఫైలును వాడే ప్రతి ప్రోగ్రాంనూ మార్చాలి, ఉన్న రికార్డులన్నింటినీ కొత్త రూపంలోకి తేవాలి. రెండోది కిటికీ పద్ధతి. రికార్డును అలాగే ఉంచి, చదివేటప్పుడు అర్థం మార్చుకోవడం. ఉదాహరణకు 00 నుంచి 29 వరకు ఉంటే 2000లు, 30 నుంచి 99 వరకు ఉంటే 1900లు అని నిర్ణయించుకొంటాం. ఇది చవక, త్వరగా పూర్తవుతుంది. అందుకే చాలామంది దీన్నే ఎంచుకొన్నారు.

అసలు విషయం ఇక్కడ ఉంది. జాగ్రత్తగా గమనించండి. పైన చెప్పిన కిటికీ బిల్లు తేదీకి సరిపోతుంది. అదే కిటికీని పుట్టిన తేదీకి వాడితే 1925లో పుట్టిన వృద్ధుడు 2025లో పుట్టబోయే శిశువవుతాడు. కాబట్టి సరిహద్దు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే ఆ రెండంకెలు దేనికి సంబంధించినవో తెలియాలి. పుట్టిన తేదీనా, పాలసీ మొదలైన తేదీనా, గడువు తేదీనా? కోబాల్ వ్యాకరణం ఈ జవాబు చెప్పదు. బీమా ఎలా నడుస్తుందో తెలిసినవారే చెప్పగలరు. క్లయింట్ కార్యాలయంలో పాతికేళ్లుగా పనిచేస్తున్న గుమస్తాను అడిగినవారికి పది నిమిషాల్లో తెలిసిన విషయం, అడగడానికి మొహమాటపడినవారికి వారం రోజులు పట్టేది. అదీ తప్పుగా తెలిసేది.

చివరిది పరీక్ష. అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టే పని ఇదే. వేరే యంత్రం మీద గడియారాన్ని ముందుకు జరిపి 1999 డిసెంబరు 31, 2000 జనవరి 1, ఫిబ్రవరి 29 తేదీలతో ప్రోగ్రాంలను నడిపి, వచ్చిన జవాబులను పాత జవాబులతో పోల్చేవారు. ఇది విసుగు పుట్టించే పని, నిజమే. కానీ తను మార్చిన ఒక్క వరుస మరో మూడు చోట్ల ఏం చేసిందో చాలామందికి తెలిసింది ఇక్కడే.

6.4 అమీర్‌పేట నుంచి అమెరికాకు, ఆ తరవాత

అంతమంది కోబాల్ తెలిసినవారు అమెరికాలో దొరకలేదు. భారతీయ సంస్థలకు అవకాశం వచ్చింది. హైదరాబాదులో 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ వంటి సంస్థలు ఈ పనితో పెరిగాయి. మన పగలు వారికి రాత్రి కావడం కూడా కలిసివచ్చింది. అక్కడివారు నిద్రపోతుంటే ఇక్కడివారు కోడ్ సరిదిద్దేవారు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాలు కిక్కిరిసి ఉండేవి. బీకాం చదివినవారు, సివిల్ ఇంజినీర్లు, అధ్యాపకులు కూడా కొద్ది నెలల మెయిన్‌ఫ్రేమ్ కోర్సులలో చేరారు. పొలం అమ్మి, నగలు కుదువపెట్టి ఫీజులు, వీసా ఖర్చులు భరించిన కుటుంబాలు ఉన్నాయి.

అమెరికా ప్రభుత్వం హెచ్‌1బి వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకు 1,15,000కు, 2001 నుంచి 2003 వరకు 1,95,000కు పెంచింది. వెళ్లినవారిలో చాలామంది నేరుగా క్లయింట్‌కు ఉద్యోగులు కారు. మధ్యలో కన్సల్టెన్సీ ఉండేది. ప్రాజెక్టు దొరికేవరకు ఖాళీగా ఉండడాన్ని 'బెంచ్ మీద ఉండడం' అనేవారు. ఒక గెస్ట్‌హౌస్‌లో ఐదారుగురు కలిసి వండుకొంటూ ఫోన్ ఇంటర్వ్యూల కోసం ఎదురుచూడడం ఆ తరం వారి ఉమ్మడి జ్ఞాపకం. యజమాని వల్ల పని లేకపోయినా వీసాదారుకు జీతం ఇవ్వాలని 1998లో అమెరికా చట్టం చేసింది. చట్టం ఉన్నా అడిగే ధైర్యం అందరికీ ఉండదు, ఎందుకంటే వీసా యజమాని చేతిలో ఉంటుంది. షియాంగ్ బియావ్ అనే మానవశాస్త్రవేత్త హైదరాబాదు, సిడ్నీలలో తిరిగి ఈ ఏర్పాటు గురించి పరిశోధించి 2007లో ఒక పుస్తకం వెలువరించారు. ఆసక్తి ఉన్న విద్యార్థులు చదవదగినది.

2000 మార్చిలో అమెరికా నాస్‌డాక్ సూచీ శిఖరానికి చేరి పడిపోవడం మొదలుపెట్టింది. వై2కె పని అప్పటికే ముగిసింది. 2001 నాటికి ఉద్యోగాలు పెద్ద ఎత్తున పోయాయి. ఉద్యోగం పోయిన వీసాదారుకు మరో ఉద్యోగం వెతుక్కోవడానికి ఆనాడు నిర్దిష్టమైన గడువు కూడా లేదు. ఇప్పుడున్న 60 రోజుల వెసులుబాటు 2017లో వచ్చింది.

ఇద్దరు ప్రోగ్రామర్లను ఊహించుకోండి. ఇద్దరూ ఒకే కోర్సు చేసి, ఒకే బీమా సంస్థలో, ఒకే జీతానికి రెండేళ్లు పనిచేశారు. మొదటి వ్యక్తి తనకు ఇచ్చిన ప్రోగ్రాంలో రెండంకెలు ఉన్నచోట నాలుగంకెలు చేసి, తరవాతి ప్రోగ్రాంకు వెళ్లిపోయేవాడు. వేగంగా చేసేవాడు కూడా. రెండో ఆమె ప్రతి ప్రోగ్రాం దేనికోసమో అడిగి తెలుసుకొని నోట్‌బుక్‌లో రాసుకొంది. ప్రీమియం కట్టకపోతే పాలసీ ఎప్పుడు రద్దవుతుంది, క్లెయిమ్ ఏ మెట్లు ఎక్కుతుంది అన్నవి ఆమెకు తెలిశాయి. 2001లో మొదటి వ్యక్తి తన బయోడేటాలో రాసుకోగలిగింది 'కోబాల్, రెండేళ్లు' అని. అదే మాట రాసుకొన్నవారు వేలల్లో ఉన్నారు. రెండో ఆమె జావా నేర్చుకొన్నప్పుడు ఆమె బీమా పరిజ్ఞానం కూడా వెంట వచ్చింది. భాష మారినా క్లెయిమ్ మెట్లు మారలేదు.

అయితే ఒక హెచ్చరిక. రెండో ఆమెకు ఉద్యోగం పోదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ ఏడాది అందరికంటే సమర్థులైనవారు కూడా పెట్టె సర్దుకొన్నారు. మార్కెట్ పడిపోవడాన్ని వ్యక్తి తప్పుగా చూడకూడదు. తేడా కనిపించేది మళ్లీ తలుపులు తెరుచుకొన్నప్పుడు.

మరో వర్గం గురించి కూడా చెప్పుకోవాలి. లేని అనుభవాన్ని బయోడేటాలో చూపించి వెళ్లినవారు. ఈ సలహా ఇచ్చే దళారులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మూడేళ్ల అనుభవం ఉందని చెప్పి చేరిన వ్యక్తి ప్రశ్న అడగలేడు. అడిగితే తెలియదని బయటపడుతుంది. నిర్వహణ పనిలో అడగలేని మనిషి నేర్చుకోలేడు. ఈ రచయిత దృష్టిలో ఆ అబద్ధం వల్ల ఉద్యోగం పోయే ప్రమాదం కంటే ఇదే పెద్ద నష్టం.

6.5 ఏమీ జరగకపోవడం

1999 డిసెంబరు 31 రాత్రి ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు కార్యాలయాల్లోనే ఉన్నారు. తెల్లవారింది. విమానాలు ఎగిరాయి, బ్యాంకులు తెరుచుకొన్నాయి. చిన్న చిన్న తప్పులు మాత్రం కనిపించాయి. అమెరికాకు అధికారిక సమయం చెప్పే నౌకాదళ వేధశాల వెబ్‌సైటు సంవత్సరాన్ని 19100గా చూపించింది. కారణం సులువు. కొన్ని భాషల్లో సంవత్సరం అడిగితే 1900 నుంచి గడిచిన సంఖ్య వస్తుంది. 1999లో 99, 2000లో 100. దాని ముందు 19 అతికించే వరుసను ఎవరూ మార్చలేదు.

కొద్ది రోజుల్లోనే పత్రికల్లో మరో ప్రశ్న వచ్చింది. ఇంత డబ్బు ఎందుకు ఖర్చు పెట్టారు? అదంతా బూటకమేనా? గార్ట్‌నర్ సంస్థ ప్రపంచవ్యాప్త ఖర్చును 30,000 కోట్ల నుంచి 60,000 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది. కాబట్టి ప్రశ్న సహజమే. ఖర్చులో కొంత వృథా కూడా ఉండవచ్చు. కానీ రెండేళ్లు రాత్రింబగళ్లు పనిచేసినవారికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి. నిర్వహణ పని బాగా చేసినప్పుడు ఫలితం కంటికి కనిపించదు. మురుగుకాలువ శుభ్రంగా ఉన్నన్నాళ్లూ ఎవరూ దాని గురించి మాట్లాడరు. అందువల్ల ఈ రంగంలో ఉన్నవారు తాము కనిపెట్టిన ప్రతి తప్పునూ, అది సరిదిద్దకపోతే ఏమయ్యేదో, తేదీతో సహా రాసి ఉంచుకోవాలి. వార్షిక సమీక్షలో పై అధికారికి చూపించడానికి అంతకు మించిన ఆధారం దొరకదు.

6.6 తరవాతి కాలపు రెండు సంఘటనలు

పాత కోడ్ సమస్య 2000తో ముగియలేదు. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ షేర్ల వ్యాపార సంస్థ కొత్త ప్రోగ్రాంను వాడుకలోకి తెచ్చింది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికి మాత్రమే కొత్త కోడ్ చేరింది. ఎనిమిదోదానిలో 2003 తరవాత ఎవరూ వాడని పాత భాగం అలాగే ఉంది. ఆ పాత భాగాన్ని నడిపించే గుర్తునే కొత్త పనికి మళ్లీ వాడారు. మార్కెట్ తెరవగానే ఎనిమిదో సర్వర్ ఆపకుండా షేర్లు కొంటూ అమ్ముతూ పోయింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మార్కెట్ తెరవక ముందే ఉద్యోగులకు 97 ఈమెయిల్ సందేశాలు ఆటోమేటిక్‌గా వచ్చాయని ప్రభుత్వ విచారణలో తేలింది. వాటిని హెచ్చరికలుగా ఎవరూ చూడలేదు. తప్పు జరుగుతున్నప్పుడు కంగారులో మిగతా ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో అవి కూడా పాత భాగాన్ని నడపసాగాయి. మరుసటి ఏడాది ఆ సంస్థ మరో సంస్థలో కలిసిపోయింది.

రెండోది 2017 జనవరి 31 నాటిది. గిట్‌ల్యాబ్ అనే సంస్థలో రాత్రి పొద్దుపోయాక పనిచేస్తున్న ఇంజినీరు రెండో సర్వర్ అనుకొని అసలు సర్వర్ మీద డేటాబేస్‌ను చెరిపే ఆదేశం ఇచ్చాడు. ఒకటి రెండు క్షణాల్లో గ్రహించి ఆపేశాడు, కానీ సుమారు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. బ్యాకప్ పద్ధతులు ఐదు ఉన్నాయి. చూస్తే ఏదీ సరిగా పనిచేయడం లేదు. అదృష్టవశాత్తు అదే ఇంజినీరు దాదాపు ఆరు గంటల ముందు మరో అవసరం కోసం తీసిన నకలు ఉంది. దానితోనే సంస్థ కోలుకొంది.

ఈ రెండింటిలో విద్యార్థి గమనించవలసింది రెండో సంస్థ తరవాత చేసిన పని. తాము ఏం చేస్తున్నారో రాసుకొన్న నోట్సును జరుగుతుండగానే అందరికీ చూపించింది. ఆ ఇంజినీరు పేరు బయటపెట్టలేదు. 'ఎవరు చేశారు' అని కాక 'ఐదు బ్యాకప్‌లు పనిచేయడం లేదని ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదు' అని అడిగింది. అన్ని కార్యాలయాలూ ఇలా ఉండవు. తప్పు ఒప్పుకొన్నవాడినే బలిచేసే చోట్లు ఉన్నాయి. అయినా చేయి జారిన మరుక్షణం పక్కవారికి చెప్పడం మేలు. దాచిన ప్రతి నిమిషం సరిదిద్దే దారులను తగ్గిస్తుంది.

6.7 కృత్యం

అనేక కంప్యూటర్లు సమయాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కిస్తాయి. ఆ సంఖ్యను 32 బిట్లలో దాచే పాత ప్రోగ్రాంలలో గరిష్ఠ విలువ 214,74,83,647. గ్రీనిచ్ కాలమానం ప్రకారం 2038 జనవరి 19 తెల్లవారుజామున 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లకు అది నిండిపోతుంది. ఆ తరవాతి సెకను 1901గా కనిపిస్తుంది.

ఒక సహకార బ్యాంకులో ఇటువంటి ప్రోగ్రాం ఉందనుకోండి. 2019 మార్చిలో ఒక ఖాతాదారుకు 20 ఏళ్ల గృహ రుణం ఇచ్చారు. ఈ తప్పు మొదట బయటపడేది 2038లోనా, అంతకు ముందేనా? దాన్ని సరిదిద్దడానికి మిమ్మల్ని పంపితే, కోడ్ తెరవక ముందు ఆ బ్యాంకులో ఎవరెవరితో మాట్లాడతారు, వారిని ఏమేమి అడుగుతారు? మీ జవాబును ఒక పేజీకి మించకుండా రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.